కృతజ్ఞతకు పద్దు రాయకండి

కాలేజీలు తెరిచారు. కౌన్సెలింగులు ముగిశాయి. బకెట్టు, పరుపు, ఆవకాయ డబ్బాతో పిల్లలు హాస్టళ్లలో దిగుతున్నారు. అమలాపురం కుర్రాడు ఘట్‌కేసర్‌లో, ఇల్లెందు అమ్మాయి విశాఖపట్నంలో. రాత్రి ఫోన్లో మెస్ కూర గురించి చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయే రోజులివి. సరిగ్గా ఈ రోజుల్లోనే ఎవరో ఒక సీనియర్ వచ్చి గది తలుపు తడతాడు. "తిన్నావా తమ్ముడూ? శనివారం సాయంత్రం మా ప్రార్థన కూడికకు రా" అంటాడు.

ఆ పిలుపును నేను తక్కువ చేయను. ఆ ఒక్క పిలుపుతో నిలదొక్కుకుని డిగ్రీ చేతపట్టుకుని ఇంటికెళ్లినవాళ్లు నాకు ఎందరో తెలుసు. జ్వరమొస్తే గంజి కాచిచ్చే అక్క, పరీక్ష ఫీజు ఆఖరి తేదీన తన జేబు ఖాళీ చేసుకునే అన్న క్యాంపస్ సహవాసాల్లో దొరికినట్టు మరోచోట దొరకరు. అందుకే ఈ నాలుగు మాటలూ ఇప్పుడే, సెమిస్టరు మొదట్లోనే చెప్పుకోవాలి. నా భయం బయటివాళ్ల గురించి కాదు. మనలో ఉన్న మంచి గుణం గురించే. చేసిన మేలు మరిచిపోని గుణం ఉంది చూశారా, దాన్ని ఎవరైనా పట్టుకుని లాగడం మొదలుపెడితే ముందు పడిపోయేది మంచి పిల్లలే.

ఎలా జరుగుతుందో చూడండి. మొదటి సెమిస్టర్లో ఓ కుర్రాడికి సహవాసం వాళ్లు తలా కాస్త వేసుకుని ఫీజు సర్దుతారు. తిరిగి ఇవ్వక్కర్లేదంటారు. నిజంగానే అడగరు. రెండో సెమిస్టర్లో హాలు ఊడవమంటారు. ఊడుస్తాడు. అందులో తప్పేమీ లేదు. మూడో సెమిస్టర్లో ఇంటర్నల్స్ ముందు మూడు రోజుల క్యాంపు పడుతుంది. చదువుకోవాలన్నా అంటే, "ఆ రోజు నీ ఫీజు దేవుడు ఎవరి చేత కట్టించాడో మరిచిపోయావా?" అని ఒక్క మాట వస్తుంది. అంతే. సంచీ సర్దుకుంటాడు. నాలుగో ఏడాదికి ఏ ఉద్యోగంలో చేరాలి, ఏ ఊళ్లో ఉండాలి, ఎవర్ని పెళ్లి చేసుకోవాలి అనేవి కూడా ఆ ఒక్క మాటతోనే తేలిపోతాయి. మధ్యలో ఎక్కడా గొడవ జరగదు. ఎవరూ ఎవర్నీ తిట్టరు. వడ్డీ వ్యాపారి దగ్గరైనా నోటు చింపేసే రోజంటూ ఒకటి ఉంటుంది. ఈ బాకీకి ఆ రోజు లేదు.

ఒక పట్టణంలో సహవాసం వాళ్లు అద్దెకు తీసుకున్న గదిలో పొడుగాటి లెడ్జరు ఒకటి చూశాను. లోపల స్కేలుతో గీతలు కొట్టి నాలుగు గళ్లు చేశారు. పేరు, చేసిన సహాయం, తేదీ, ఎదుగుదల. ఒక పేరుకు ఎదురుగా "దుప్పటి, ప్లేటు, గ్లాసు" అని ఉంది. ఆఖరి గడిలో ఎర్ర సిరాతో "లోబడటం లేదు" అని ఉంది. రాసినవాడు చెడ్డవాడు కాదు. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాడు. పని పద్ధతిగా సాగాలని రాసుకున్నాడు. దుప్పటి ఇచ్చిన లెక్కా, లోబడిన లెక్కా ఒకే వరసలో పడ్డాయని అతనికి తట్టలేదు. అన్నలూ, అక్కలూ, మీ గదిలో అలాంటి పుస్తకం ఉంటే ఈ రాత్రే చించేయండి. పుస్తకం లేకపోయినా మనసులో ఉంటే అదీ చించేయండి.

మనం చదివే బైబిల్లోనే దీనికి గట్టి హెచ్చరిక ఉంది. సిరియా సేనాధిపతి నయమాను యొర్దానులో మునిగి బాగుపడ్డాక ప్రవక్త ఎలీషాకు కానుకలు ఇవ్వబోతాడు. ఎలీషా ససేమిరా అంటాడు. సేవకుడు గేహజీకి మనసొప్పదు. రథం వెంట పరిగెత్తుతాడు. ఏమని అడిగాడో గమనించండి. ప్రవక్తల శిష్యుల్లో ఇద్దరు యువకులు వచ్చారట, వాళ్లకోసం వెండి, బట్టలు కావాలట. అంటే ఇద్దరు విద్యార్థుల పేరు చెప్పి, ఒక మనిషి కృతజ్ఞతను వసూలు చేసుకున్నాడు. నయమాను సంతోషంగా, అడిగినదానికి రెట్టింపు వెండి ఇచ్చాడు. ఇచ్చినవాడు సంతోషంగా ఇచ్చినంత మాత్రాన అడిగినవాడి తప్పు ఒప్పు కాలేదు. రెండవ రాజులు 5వ అధ్యాయం, ఈ సెమిస్టరు మొదటి బైబిల్ స్టడీకి పెట్టుకుంటే బాగుంటుంది.

సువార్తలో పదిమంది కుష్ఠరోగుల కథ అందరికీ తెలుసు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, వాడూ సమరయుడే. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు, నిజమే. మన ప్రసంగాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ తొమ్మిదిమందికి రోగం తిరగబెట్టినట్టు ఎక్కడా లేదు. తిరిగొచ్చిన ఆ ఒక్కణ్ని కూడా ఆయన తన వెంట తిప్పుకోలేదు. లేచి వెళ్లమన్నాడు.

ఇక శనివారం సాయంత్రం సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను ఎక్కువగా భయపడేది ఇక్కడే. పాటలు అయ్యాక లీడరు లేచి "సాక్ష్యాలు చెప్పేవాళ్లు చేతులెత్తండి" అంటాడు. ఒకమ్మాయి లేస్తుంది, సెమిస్టర్లో తొమ్మిదికి దగ్గరగా వచ్చింది, స్తోత్రం. ఒకబ్బాయి లేస్తాడు, కంపెనీలో ఎంపికయ్యాడు, స్తోత్రం. మరొకరికి వీసా వచ్చింది. చప్పట్లు. వెనక వరసలో, గోడకు ఆనుకుని, నాలుగు బ్యాక్‌లాగులున్న పిల్లాడు కూర్చుని ఉంటాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఫలితాలొచ్చి పది రోజులైంది, ఇంట్లో చెప్పలేదు. "నువ్వూ చెప్పు బ్రదర్" అని ఎవరో భుజం తడతారు. లేచి నిలబడి, "దేవుడు నన్ను కాపాడుతున్నాడు, అందరికీ వందనాలు" అని కూర్చుంటాడు. అందరూ ఆమేన్ అంటారు. అతని మనసులో ఏముందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. చెప్పే చోటు మనం ఉంచలేదు.

ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెల్లించమనే వచనం క్యాంపస్ విశ్వాసుల్లో కంఠతా రానివాళ్లుండరు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక, 5వ అధ్యాయం, 18వ వచనం. హాస్టల్ గోడల మీద కూడా కనిపిస్తుంది. అదే అధ్యాయంలో నాలుగు వచనాల ముందు, ధైర్యం చెడినవాళ్లకు ధైర్యం చెప్పమనీ బలహీనులకు ఊతమివ్వమనీ పౌలు రాశాడు. మూడు వచనాల తర్వాత, అన్నిటినీ పరీక్షించి చూసుకోమన్నాడు. 14 లేకుండా, 21 లేకుండా 18 ఒక్కటే గోడకెక్కితే ఏడుపొచ్చే పిల్లలకు అది గుదిబండ అవుతుంది. కీర్తనల గ్రంథంలో స్తోత్రాలతోపాటు మొరలు కూడా కొల్లలుగా ఉన్నాయి. 88వ కీర్తన అయితే మొదలునుంచి చివరిదాకా మొరే. చీకటి మాటతోనే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు. మన కూడికల్లోంచి మాత్రం మనమే తీసేశాం.

ఇది ఊరికే ఆత్మీయ చర్చ కాదు. జాతీయ నేర నమోదు బ్యూరో లెక్కల్లో 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ప్రార్థించే పిల్లలు లేరని ఎవరనగలరు? కాబట్టి ఈ గుర్తులు చూసుకోండి. కూడికకు క్రమంగా వచ్చే పిల్లాడు ఉన్నట్టుండి రావడం మానేస్తే. వచ్చినా, పాటల్లో గొంతు కలపకపోతే. నిద్ర లేదంటే, లేదా పగలంతా పడుకునే ఉంటే. తాను అందరికీ బరువయ్యానంటే. ఇష్టమైన గిటారో, పుస్తకాలో, షూసో పిలిచి ఎవరికో ఇచ్చేస్తే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ సందర్భమూ లేకుండా అర్ధరాత్రి "అన్నా, నువ్వు నాకు చేసినదంతా మరిచిపోను, థాంక్యూ" అని మెసేజ్ వస్తే. మనకు కృతజ్ఞత అంటే మహా ఇష్టం కదా, ఆ మెసేజ్ చూసి మురిసిపోయి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి పడుకుంటాం. పడుకోకండి. అది వీడ్కోలు కావచ్చు. వెంటనే ఫోన్ చేయండి. ఎత్తకపోతే గదికి పరిగెత్తండి. "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. సూటిగా అడగడం మేలే చేస్తుందని వైద్యులు చెబుతున్నారు. ఒంటరిగా వదలకండి. వార్డెన్ని లేపండి. ఇంటికి చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, కానీ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ చేయండి.

మందుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. "నేను మాత్రలు మానేశాను, దేవుడే నన్ను స్వస్థపరిచాడు" అనే సాక్ష్యానికి పెద్ద చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లు విన్న పక్క గదివాడు మరునాడు తన మాత్రలు మానేస్తాడు. క్షయకు కనీసం ఆరు నెలల మందులు వాడాలి. రెండో నెలలో దగ్గు తగ్గిందని ఆపితే క్రిములు మందుకు లొంగని రకంగా తయారవుతాయి, అప్పుడు రోగం అతనితో ఆగదు, రూమ్మేట్లకూ అంటుతుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్సు ఆగకుండా రావచ్చు. చిన్నప్పటినుంచి ఇన్సులిన్ మీద ఉన్న పిల్ల ఒకటి రెండు రోజులు మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. కుంగుబాటుకు వాడే మందులూ అంతే, డాక్టరు చెప్పి తగ్గించాల్సిందే తప్ప మనంతట మనం ఆపకూడదు. లీడర్లను చేతులెత్తి వేడుకుంటున్నాను. స్వస్థత సాక్ష్యం చెప్పించేటప్పుడు, డాక్టరును కలవకుండా ఎవరూ మందు ఆపవద్దని మైకులో ఒక్క ముక్క చెప్పండి. దానివల్ల దేవుడి మహిమ తగ్గదు.

ఉపవాసాల సంగతి కూడా. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మెస్ తిండి తినీ తినక బతికే ఆడపిల్లలను, అదీ పరీక్షల వారంలో, మూడేసి రోజులు ఉపవాసం కూర్చోబెట్టడం భక్తి కాదమ్మా.

డబ్బు గురించి మొహమాటపడకుండా మాట్లాడుకుందాం. మన పిల్లల చేతిలో ఉండే డబ్బు వాళ్లది కాదు. స్కాలర్‌షిప్ అంటే ఫీజుకు, పుస్తకాలకు ఇచ్చింది. ఇంటినుంచి వచ్చేది అమ్మ చీటీ పాడి పంపింది. విద్యారుణం అయితే బ్యాంకుది, దానిమీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందులోంచి దశమభాగం అడిగితే, అప్పుమీద దశమభాగం తీసుకున్నట్టే. తల్లిదండ్రులకు చేరాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవుడికి అర్పించినది, అని పేరు పెట్టి ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎంత కటువుగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయం చదివితే తెలుస్తుంది. పిల్లవాడు ఇష్టపడి కానుకల సంచిలో పది రూపాయలు వేస్తే అది వేరు. కృతజ్ఞతార్పణ పేరుతో ఇంత అని చెప్పి, ఎవరెంత ఇచ్చారో పైకి చదివి వినిపిస్తే అది వేరు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగండి. కానుక క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంస్థ పేరు బదులు ఒక మనిషి పేరు రావడం. రశీదు లేకపోవడం. క్యాంపు లెక్క అడిగితే "నీకు విశ్వాసం తగ్గింది" అనడం. ఫీజు డబ్బు తాత్కాలికంగా సర్దమని అడగడం. లోన్ యాప్‌లో తీసి ఇమ్మనడం. ఈ చివరిది ఎవరు అడిగినా, ఎంత ఆత్మీయులు అడిగినా, లేచి బయటికి వచ్చేయండి. మరి ఖర్చు ఎవరు పెట్టుకోవాలంటారా? మన దేశంలో 1954 నుంచి నడుస్తున్న విద్యార్థుల క్రైస్తవ సంస్థ యూఈఎస్‌ఐ సంగతి చూడండి. చదువుకుంటున్న పిల్లలు ఈయూల్లో కలుస్తారు, చదువు ముగిసినవాళ్లు ఈజీఎఫ్‌గా వేరే కలుస్తారు. ఏ సహవాసమైనా బరువు మోయాల్సింది ఆ రెండోవాళ్లే. జీతం వచ్చేవాళ్లు ఇవ్వాలి, చదువుకునేవాళ్లు తినాలి. ఎప్పటికైనా వాళ్లకూ జీతాలొస్తాయి, అప్పుడు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రాయడానికి చేయి రాని విషయం. మేలు చేసిన మనిషే చెయ్యి వేస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? "ఆయన మాకెంత చేశారు" అన్నది ఆమె నోటికి మొదటి తాళం. "సేవకు చెడ్డపేరు వస్తుంది" అన్నది రెండో తాళం. "క్షమించడం నేర్చుకో" అన్నది మూడోది. మొదటి తాళం మాత్రం ఆమె తనకు తానే వేసుకుంటుంది, మనం నేర్పిన కృతజ్ఞతతో. రవి జకరయ్య చెన్నైలో పుట్టి, ప్రపంచమంతా విశ్వవిద్యాలయాల్లో ప్రసంగించి, మన క్యాంపస్ పిల్లలు కూడా పుస్తకాలూ వీడియోలూ పంచుకున్న మనిషి. 2020 మేలో మరణించారు. 2021 ఫిబ్రవరిలో, ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక ఆయన ఎందరో స్త్రీలపట్ల లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని తేల్చింది. అంతకు ముందే, 2017లోనే ఒక ఆరోపణ బయటికి వచ్చింది. సంస్థ ఆయన వైపే నిలబడింది. ఆయన వల్ల మేలు పొందినవాళ్ల నోట మాట రాలేదు. అంత పెద్ద పేరున్న చోటే అది జరిగితే, మన అద్దె హాళ్లలో జరగదని ధీమాగా ఎలా ఉంటాం?

ఆడపిల్లలూ, మగపిల్లలూ, ఇద్దరూ వినండి. తలుపు మూసిన గదిలో ఒంటరి కౌన్సెలింగ్ వద్దు. రాత్రి పదకొండు తర్వాత "ఆత్మీయ" చాటింగ్ వద్దు. "మన మధ్యే ఉండనీ" అన్న మాట వినపడితే, ఆ మాటే నలుగురికీ చెప్పండి. కాలేజీలో 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యూజీసీ విద్యాసంస్థలకు ప్రత్యేకంగా 2015 నిబంధనలు కూడా తెచ్చింది. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, కారణముంటే మరికొంత గడువిస్తారు. మనిషి బయటివాడైతే పోలీసులున్నారు, 112. మహిళలకు 181. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది పద్దెనిమిది నిండనివాళ్లు, వాళ్ల విషయంలో పోక్సో చట్టం వర్తిస్తుంది. జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా అక్కడ నేరమే. సంఘ పెద్దలతో మాట్లాడి సర్దుబాటు చేద్దామనే పెద్దమనిషికి ఈ చివరి వాక్యం చదివి వినిపించండి.

శిష్యత్వం పేరుతో వచ్చే పట్టు గురించి కూడా కొంచెం. అమెరికాలో బోస్టన్ దగ్గర 1979లో చిన్న సంఘంగా మొదలైన ఒక ఉద్యమం కాలేజీల్లో కార్చిచ్చులా పాకింది. ప్రతి సభ్యుడికీ ఒక శిష్యగురువు. ఎవరితో తిరగాలి, డబ్బెలా ఖర్చుపెట్టాలి, పాపాలేమిటి, అన్నీ అతనికి చెప్పుకోవాలి. చేరినవాళ్లు నిజంగా దేవుణ్ని ప్రేమించినవాళ్లే, తమను ఆదరించిన ఆ బంధానికి పొంగిపోయినవాళ్లే. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చాలా విశ్వవిద్యాలయాలు ఆ గుంపును క్యాంపస్‌లో అడుగుపెట్టనివ్వలేదు. 2002లో స్థాపకుడు పదవి వదిలేశాడు. మరుసటి ఏడాది చాలామంది నాయకులు తమ సభ్యులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పటికి ఇరవై ఏళ్ల పైచిలుకు గడిచిపోయాయి. ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని చదువులు ఆగాయో, ఎన్ని ఇళ్లతో రాకపోకలు తెగాయో. మన దగ్గర శిష్యగురువు అన్న పేరు ఉండకపోవచ్చు. "ఆత్మీయ తండ్రి", "కవచం", "తిరుగుబాటు ఆత్మ" అన్న మాటలు మాత్రం వింటున్నాం. ఇంటికి వెళ్లడానికి లీడరు అనుమతి కావాలంటే జాగ్రత్త పడండి. ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే. మీరు రహస్యంగా ఒప్పుకున్న బలహీనత పై మంగళవారం మరొకరి ప్రార్థనాంశంగా వినపడితే.

సహవాసం మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పే పరీక్ష ఒకటే. మానేసి వెళ్లిపోయినవాళ్ల గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారో వినండి. "వాడు చల్లారిపోయాడు, మనం ఎంత చేశాం వాడికి" అంటారా? లేక "వాడికి ఈ మధ్య ఫోన్ చేశావా, బాగున్నాడా?" అంటారా? మొదటి రకమైతే రేపు మీ గురించీ అదే మాట. రెండో రకమైతే నిశ్చింతగా కూర్చోండి.

ఈ సందర్భంలో మన డోర్నకల్‌ను తలచుకోకుండా ఉండలేను. విజయవాడ నుంచి కాజీపేట వెళ్లే రైళ్లు దాటే ఆ జంక్షన్ ఊరికి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తిరునల్వేలి తమిళుడు. మొదట వైఎంసీఏ కార్యదర్శిగా ఎన్నో ఏళ్లు యువకుల మధ్య తిరిగాడు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి మాట్లాడాడు. వినేవాళ్లలో ఎక్కువమంది తెల్లదొరలు. మిషనరీల త్యాగాలకు భారతదేశపు సంఘం తరతరాలు కృతజ్ఞతతో ఉంటుందని ఒప్పుకున్నాడు. ఆ పైన అసలు మాట అన్నాడు. ఇన్ని ఇచ్చారు, ఇక మాకు స్నేహితుల్నివ్వండి అని అడిగాడు. దయతో ఇచ్చేవాడు పైమెట్టు మీదా, దండం పెట్టి పుచ్చుకునేవాడు కిందమెట్టు మీదా నిలబడి ఉన్నంతకాలం ఎంత కృతజ్ఞత ఉన్నా అది సహవాసం కాదని ఆయనకు తెలుసు. ఆ సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. నూరేళ్లు దాటింది. ఇప్పుడు ఆ పైమెట్టు మీద నిలబడింది మనమే, మన సీనియర్లే.

నమ్మకపోతే ఈసారి ప్రేమ విందు అయ్యాక వంటగదిలోకి తొంగి చూడండి. వేదిక మీద ఇంగ్లిష్‌లో ఆరాధన నడిపించేది ఎవరు, పంపు దగ్గర గోకుడుచిప్పతో డేగిసా అడుగు గీకేది ఎవరు? నగరం పిల్లలు ఎటు, పల్లె పిల్లలు ఎటు? ఏ పేటనుంచి వచ్చినవాళ్లు ఎటు? "మాకిదే సేవ అన్నా, మాకింత చేశారు" అని ఆ పిల్లలే నవ్వుతూ అంటారు. ఆ నవ్వు చూసి సంతృప్తి పడకండి. వచ్చే శనివారం గిటారు వాయించేవాణ్ని డేగిసా దగ్గరికి పంపండి. డేగిసా దగ్గరి పిల్లను వాక్యం చదవమనండి.

మన మతం కాని స్నేహితులను కూడికకు పిలిచేవాళ్లకు ఒక మాట. బిర్యానీ పెట్టండి, నోట్సు ఇవ్వండి, రక్తం కావాలంటే ఇవ్వండి. కానీ కూడికకు వస్తేనే ఇస్తామన్నట్టు కనపడనివ్వకండి, అలా అనిపించినా చాలు, ఆ స్నేహం చెడిపోతుంది, క్యాంపస్‌లో అనవసరమైన రచ్చ కూడా అవుతుంది. పిలిస్తే కూడిక అని చెప్పే పిలవండి. పుట్టినరోజు పార్టీ అని పిలిచి ప్రసంగం పెట్టకండి.

ఆగస్టులో విమానమెక్కి అమెరికా వెళ్లే మన పిల్లలు కూడా వినాలి. అక్కడ ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చేవాళ్లు, పాత మంచం ఇచ్చేవాళ్లు, నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్‌నాడు ఇంటికి భోజనానికి పిలిచేవాళ్లు క్యాంపస్ క్రైస్తవ బృందాల్లో ఉంటారు. చాలామంది మంచివాళ్లు. వెళ్లండి, తినండి, కృతజ్ఞత చెప్పండి. వెళ్లేముందు ఆ బృందం యూనివర్సిటీలో నమోదైన విద్యార్థి సంఘాల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు వివరాలు ఎంత ప్రేమగా అడిగినా ఎవరికీ ఇవ్వకండి. వారానికి రెండుసార్లు ఇంటికి వీడియో కాల్ చేయడం మానకండి.

అమ్మానాన్నలారా, ఇదంతా చదివి బెంబేలెత్తిపోయి, పిల్లలను కూడికలకు వెళ్లొద్దని కట్టడి చేయకండి. కట్టడి చేస్తే చాటుగా వెళ్తారు, చాటుగా వెళ్లినచోటే ప్రమాదమంతా ఉంది. ఆదివారం ఫోన్లో మామూలుగా అడగండి. మీ కూడిక ఎక్కడ జరుగుతుంది? ఎవరు నడుపుతారు, ఆయన ఏం పని చేస్తారు? నాకు ఆయన నంబరు ఇస్తావా? మంచి సహవాసమైతే ఆ అన్న మీకు తనే ఫోన్ చేసి "అమ్మా, వందనాలు, మీవాడు బాగున్నాడు" అంటాడు. "మా లీడరు ఇంట్లోవాళ్లతో మాట్లాడరు" అని జవాబొస్తే, తర్వాతి బస్సెక్కండి.

లీడర్లారా, సీనియర్లారా, మీరు చెడ్డవాళ్లని ఒక్క క్షణం కూడా అనుకోను. మీ నిద్ర, మీ డబ్బు, మీ వయసు ఈ పిల్లలకోసం పోస్తున్నారు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ శనివారంనుంచే మొదలుపెట్టండి. కానుకల ఖాతా మీ పేరుమీద ఉంటే ఇద్దరు ముగ్గురు పెద్దల ఉమ్మడి పేర్లకు మార్చండి. నెల లెక్క గోడకు అంటించండి. ఇచ్చినదాన్ని ఇచ్చిన రోజే మరిచిపోండి, మరిచిపోలేకపోతే ఇవ్వకండి. మిమ్మల్ని ప్రశ్నించగలిగిన, మీకన్నా పెద్దవాళ్లైన ఒక అన్ననూ ఒక అక్కనూ బయటినుంచి పిలిచి పెట్టుకోండి, వాళ్ల నంబర్లు పిల్లలందరికీ ఇవ్వండి. సాక్ష్యాల సమయంలో "మంచి జరగనివాళ్లు కూడా చెప్పవచ్చు, ఏడవవచ్చు, ఏమీ చెప్పకుండా కూర్చోవచ్చు" అని ముందే అనండి. అన్నాక మీరే మొదట లేచి, మీకు ఈ వారం సరిగ్గా జరగనిదేదో ఒకటి చెప్పండి. కూడిక ముగిశాక, ఆ వెనక వరసలో గోడకు ఆనుకున్న పిల్లాడితో పాటు మెస్ దాకా నడవండి. బ్యాక్‌లాగుల గురించి వాళ్ల నాన్నకు ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి. అవసరమైతే ఫోన్ మీరే కలిపివ్వండి.